కొత్త హ్యారీ పాటర్ సిరీస్‌లో ఏవి మారవచ్చు: అభిమానుల ఊహలను తూచి చూడడం ఎలా

హెచ్‌బీఓ తీస్తున్న కొత్త హ్యారీ పాటర్ సిరీస్ గురించి అభిమానులు అల్లుతున్న ఊహల్లో వేటిని నమ్మవచ్చు, వేటిని పక్కన పెట్టవచ్చు అని మీరు అడిగారు. ముఖ్యంగా నాలుగింటిని ప్రస్తావించారు: సినిమాల్లో కనబడని అల్లరి భూతం పీవ్స్ ఈసారి వస్తాడని, హ్యారీ లేని సన్నివేశాలు చాలా చేరుస్తారని, మొదటి ఎపిసోడ్‌లోనే హ్యారీ తల్లిదండ్రులు లిల్లీ, జేమ్స్‌ల హత్యను చూపిస్తారని, ఉపాధ్యాయుడు స్నేప్ పాత్రకు ఎంచుకున్న నటుడి వల్ల ఆ పాత్ర కథే మారిపోతుందని. మీరు 7 పుస్తకాలూ చదివానన్నారు కనుక కథలోని గుట్లేవీ దాచకుండా రాస్తున్నాను. చదవనివారు ఎవరైనా ఉంటే ఇక్కడితో ఆగడం మంచిది.

నేను 19 ఏళ్లుగా నవలలను టీవీ సీరియళ్లుగా, ఈ మధ్య కాలంలో వెబ్ సిరీస్‌లుగా మలిచే పనిలో ఉన్నాను. ఈ సిరీస్‌తో నాకు ఏ సంబంధమూ లేదు, లోపలి సమాచారం అంతకన్నా లేదు. నవలను ముందు పెట్టుకొని వన్‌లైన్ ఆర్డర్ (ఒక్కో సన్నివేశాన్ని ఒక్కో వాక్యంలో చెప్పే పట్టిక) రాసేటప్పుడు కలం ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ తొందరపడి కొట్టేస్తుందో మాత్రం అనుభవం మీద తెలుసు. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ముందుగా ఖాయంగా తెలిసిన విషయాలను వేరు చేసుకుందాం, ఎందుకంటే ఊహలన్నీ వీటి మీదే నిలబడాలి. 2023 ఏప్రిల్‌లో ఈ సిరీస్‌ను ప్రకటించినప్పుడు, పుస్తకాలకు కట్టుబడి తీస్తామని, పదేళ్ల పాటు సాగే పని అని చెప్పారు. రచయిత్రి రౌలింగ్ నిర్మాతల్లో ఒకరు. రచనా బృందానికి నాయకత్వం ఫ్రాన్సెస్కా గార్డినర్‌ది, పలు ఎపిసోడ్లకు దర్శకుడు మార్క్ మైలాడ్. 2025 ఏప్రిల్‌లో ప్రధానోపాధ్యాయుడు డంబుల్‌డోర్‌గా జాన్ లిత్‌గోను, మెక్‌గోనగల్‌గా జానెట్ మెక్‌టీర్‌ను, స్నేప్‌గా పాపా ఎస్సియెడును, హాగ్రిడ్‌గా నిక్ ఫ్రాస్ట్‌ను ప్రకటించారు. మే నెలలో హ్యారీ, రాన్, హెర్మయొనీ పాత్రలు వేసే ముగ్గురు పిల్లల పేర్లు వచ్చాయి. 2025 జూలై 14న లండన్ దగ్గరి లీవ్స్‌డెన్ స్టూడియోలో, అంటే పాత సినిమాలు తీసిన చోటనే, చిత్రీకరణ మొదలైంది. వీటిని దాటి వినబడే మాటల్లో ఎక్కువ భాగం సెట్ బయట తీసిన ఫొటోలకు అల్లిన కథలే.

అభిమానులు సాధారణంగా వేసుకునే ప్రశ్న "ఏది తీసేస్తారు, ఏది ఉంచుతారు" అన్నది. మా పనిలో ఆ ప్రశ్న రెండోది. మొదట చూడవలసినది, ఏ చిన్న విషయం మీద తర్వాతి ఏ పెద్ద విషయం బరువు ఆనుకొని ఉందన్నది. ఈ సంగతి నాకు చదివితే తెలియలేదు, దెబ్బ తగిలితే తెలిసింది. నా మొదటి రోజుల్లో ఒక వారపత్రిక నవలను సీరియల్‌గా రాస్తున్నప్పుడు, అందులో వక్కాకు నములుతూ అరుగు మీద కూర్చునే మేనత్త పాత్ర ఒకటి ఉండేది. ఆమె ఏ గొడవలోనూ తలదూర్చదు, కథకు పనికివచ్చే మాట ఒక్కటీ ఆడదు. ఒక నటి పారితోషికం మిగులుతుందని నేనే ఆ పాత్రను కొట్టేశాను. అరవై ఎపిసోడ్లు గడిచాక ఇనప్పెట్టె తెరవవలసిన ఘట్టం వచ్చింది. నవలలో ఆ తాళాలు మేనత్త బొడ్లో ఉంటాయి. ఆమె మీద ఎవరికీ అనుమానం రాదు కనుకనే అవి అక్కడ ఉంటాయి. మా సీరియల్‌లో ఆ తాళాలు దాచడానికి మనిషే లేడు. చివరికి దూరపు చుట్టం ఒకడిని పుట్టించి, వాడికి ఆ ఇంట్లో చోటు ఎందుకుందో చెప్పడానికే ఏడు ఎపిసోడ్లు ఖర్చు పెట్టాను. ఆ వారాల్లో ప్రేక్షకుల నుంచి వచ్చిన ఉత్తరాలను ఇప్పుడు గుర్తు చేసుకోవడం కూడా నాకు ఇష్టం లేదు.

పెద్ద బడ్జెట్లున్నవారు ఇలాంటి పొరపాట్లు చేయరని అనుకోనక్కరలేదు. హౌస్ ఆఫ్ ది డ్రాగన్ సిరీస్‌లో మేలోర్ అనే చిన్న పిల్లవాడి పాత్రను తీసేశారు. పుస్తకంలో హంతకులు తల్లి హెలేనాను ఇద్దరు కొడుకుల్లో ఎవరు చావాలో చెప్పమంటారు. ఆమె చిన్నవాడైన మేలోర్ పేరు చెబుతుంది, వాళ్లు పెద్దవాడిని చంపుతారు. సిరీస్‌లో ఒక్క కొడుకే కావడంతో ఆ ఎంపికే లేకుండా పోయింది. తన చావును తల్లే కోరిందని తెలిసిన పిల్లవాడి ముఖం ఆ తల్లి తర్వాత ఎలా చూడగలదన్న బాధ కూడా దానితోనే పోయింది. రచయిత జార్జ్ మార్టిన్ 2024 సెప్టెంబరులో తన బ్లాగులో ఈ మార్పు ఎంత దూరం పాకుతుందో వివరించి, కొద్ది గంటల్లోనే ఆ టపాను తొలగించారు. ఆయన వాదన సారాంశమూ నా మేనత్త కథ సారాంశమూ ఒక్కటే.

ఇప్పుడు హ్యారీ పాటర్‌కు వద్దాం. పాత సినిమాలకూ ఈ సిరీస్‌కూ ఉన్న అసలు తేడా నిడివి అని అందరూ అంటారు. నా దృష్టిలో అంతకన్నా పెద్ద తేడా మరొకటి ఉంది. మొదటి సినిమా 2001 నవంబరులో విడుదలయ్యే నాటికి 4 పుస్తకాలే వచ్చాయి. ఏడోది 2007లో గాని రాలేదు. అంటే సినిమా రచయితలు ఏది దేన్ని మోస్తోందో తెలియకుండానే కత్తెర పట్టవలసి వచ్చింది. ఐదో సినిమా స్క్రిప్టులో క్రీచర్ అనే ముసలి ఎల్ఫ్‌ను వదిలేద్దామనుకుంటే, రౌలింగ్ స్వయంగా అడ్డుపడి, అతనిని ఉంచకపోతే తర్వాత చిక్కుల్లో పడతారని చెప్పి ఆపించారు. ఏడో పుస్తకంలో లాకెట్ కథంతా క్రీచర్ నోటి నుంచే వస్తుంది కనుక ఆ హెచ్చరిక ఎంత విలువైనదో మనకు తెలుసు. అడ్డుపడేవారు లేని చోట ఏం జరిగిందో చూడాలంటే అద్దం ముక్కను తలచుకోండి. ఐదో పుస్తకంలో గాడ్‌ఫాదర్ సిరియస్ హ్యారీకి ఇచ్చే జంట అద్దం ఊసు సినిమాల్లో ఎక్కడా లేదు. తీరా ఏడో కథలో దాని ముక్క అవసరం కావడంతో, హ్యారీ చేతిలో అది ఒక రోజు ఊరికే ప్రత్యక్షమవుతుంది. పుస్తకం చదవని మా ఇంటి పిల్లలు "అది ఎక్కడిది?" అని అడిగితే, సినిమాను ఆపి నేను చెప్పవలసి వచ్చింది.

గార్డినర్ బృందం ముందు 7 పుస్తకాలూ బల్ల మీద ఉన్నాయి. అందుకే ఈ సిరీస్‌లో కొట్టివేతల కన్నా ముందుకు జరపడాలు ఎక్కువగా ఉంటాయని నా అంచనా. ఐదో పుస్తకంలో రావలసిన పేరు మొదటి సీజన్‌లో వినబడవచ్చు, ఆరో పుస్తకంలో అవసరమయ్యే గది రెండో సీజన్‌లో ఒక మూల నుంచి కనబడవచ్చు. దీన్ని "మార్పు" అని అభిమానులు ఫిర్యాదు చేస్తారు గాని, పునాది తీయడాన్ని మార్పు అనకూడదు.

ఒక గొలుసును దగ్గరగా చూస్తే నేను చెప్పేది స్పష్టమవుతుంది. మొదటి పుస్తకంలో హాగ్రిడ్ పెంచిన డ్రాగన్ పిల్ల నార్బర్ట్ సంగతి తీసుకోండి. సినిమాలో గుడ్డు పగులుతుంది, పిల్ల వస్తుంది, హ్యారీ అంటే పడని తోటి విద్యార్థి డ్రేకో కిటికీలోంచి చూస్తాడు, ఆ తర్వాత దానిని రొమేనియాకు పంపించేశారని హాగ్రిడ్ ఒక్క మాటతో చెప్పేస్తాడు. పుస్తకంలో అది రాన్ చేతిని కరుస్తుంది. చెయ్యి వాచి అతను ఆసుపత్రి మంచం ఎక్కుతాడు. అన్న చార్లీ రాసిన ఉత్తరం ఉన్న పుస్తకం డ్రేకో చేతికి చిక్కుతుంది. అర్ధరాత్రి హ్యారీ, హెర్మయొనీ ఆ పెట్టెను అదృశ్య వస్త్రం కింద మోసుకుంటూ అన్నిటికన్నా ఎత్తైన గోపురం ఎక్కి చార్లీ స్నేహితులకు అప్పగిస్తారు. బరువు దిగిందన్న సంతోషంలో ఆ వస్త్రాన్ని అక్కడే మరచిపోయి దిగి వస్తారు. మెట్ల కింద బడి కాపలాదారు ఫిల్చ్ నిలబడి ఉంటాడు. వారిని హెచ్చరిద్దామని బయలుదేరిన తోటి విద్యార్థి నెవిల్ కూడా అదే రాత్రి పట్టుబడతాడు. ముగ్గురికీ తలా 50 చొప్పున వారి హౌస్ (బడిలో విద్యార్థుల జట్టు) గ్రిఫిండార్ ఒక్క రాత్రిలో 150 పాయింట్లు పోగొట్టుకుంటుంది.

ఇక్కడి నుంచి రెండు దారాలు సాగుతాయి. ఒకటి, నిన్నటి దాకా వీరుడైన హ్యారీని బడి మొత్తం వెలివేసినట్టు చూస్తుంది. సంవత్సరాంతంలో డంబుల్‌డోర్ రాన్‌కు 50, హెర్మయొనీకి 50, హ్యారీకి 60 ఇచ్చి ప్రత్యర్థి హౌస్ స్లిథరిన్ 472తో సమానం చేసి, చివరి 10 నెవిల్‌కు ఇచ్చినప్పుడు మన గొంతు ఎందుకు గద్గదమవుతుందంటే, ఆ 150 పోయిన రాత్రి మనకు గుర్తుంటుంది కనుక. రెండోది, శిక్షగా నిషిద్ధ అరణ్యానికి వెళ్లిన పిల్లల్లో నెవిల్ ఉంటాడు. సినిమాలో అతని బదులు రాన్‌ను పంపారు. స్నేహితులను కాపాడబోయి, వాళ్ల చేత మోసపోయాననుకొని, అడవిలో బెదిరిపోయిన నెవిల్, కొద్ది రోజుల తర్వాత అదే స్నేహితులకు అడ్డంగా నిలబడి పిడికిలి బిగిస్తాడు. అడవి లేకపోతే ఆ పిడికిలికి సగం బలమే. 152 నిమిషాల సినిమాలో ఈ గొలుసుకు చోటు లేదు, ఒప్పుకుంటాను. సిరీస్‌లో మాత్రం ఇది ఒక ఎపిసోడ్‌కు సరిగ్గా సరిపడే సరుకు. గోపురం మీద మొదలై అడవిలో ముగిసే ఎపిసోడ్‌ను ఏ రచయితా వదులుకోడు. నార్బర్ట్ కథ పూర్తిగా వస్తుందన్న ఊహను మీరు నిశ్చింతగా నమ్మవచ్చు.

రాన్ విషయంలోనూ ఇలాంటి దిద్దుబాటే జరుగుతుందని నా నమ్మకం. 8 సినిమాల్లో 7 సినిమాలకు స్క్రీన్‌ప్లే రాసిన స్టీవ్ క్లోవ్స్‌కు హెర్మయొనీ అంటే అభిమానం ఎక్కువ; తెర మీద అది కనబడుతుంది. పుస్తకంలో ఉరితాళ్లలా చుట్టుకునే తీగల మధ్య హెర్మయొనీ కంగారుపడి, నిప్పు పెట్టడానికి కట్టెలు లేవని వాపోతే, నువ్వు మంత్రగత్తెవా కాదా అని రాన్ కసురుతాడు. సినిమాలో కంగారంతా రాన్‌ది, తెలివంతా హెర్మయొనీది అయింది. మూడో కథలో విరిగిన కాలితో లేచి నిలబడి, హ్యారీని చంపాలంటే మమ్మల్నీ చంపాలి అని రాన్ చెప్పే మాటను హెర్మయొనీకి ఇచ్చేశారు. అయితే అదే సినిమాలు హెర్మయొనీకి నిజంగా చెందిన ఒక ఘట్టాన్ని తీసేశాయి. 7 సీసాల ముందు నిలబడి, మంత్రం ఒక్కటీ వాడకుండా తర్కంతో స్నేప్ పొడుపుకథను విప్పే ఘట్టం అది. ఖర్చు లేనిది, ఒక బల్ల, కొన్ని సీసాలు, ఇద్దరు పిల్లలు చాలు. ఇది తిరిగి రాకపోతే నేను నిజంగా ఆశ్చర్యపోతాను.

ఇక పీవ్స్. అతను బరువు మోసే పాత్ర కాదు. నా మేనత్తలా ఏ తాళాలూ అతని దగ్గర లేవు. మొదటి పుస్తకంలో అర్ధరాత్రి పిల్లలను మూడు తలల కుక్క ఉన్న తలుపు వైపు తరిమేది అతని అరుపులే గాని, ఆ పనిని సినిమాలో కదిలే మెట్లకు అప్పగిస్తే కథకు ఏమీ కాలేదు. నిజానికి మొదటి సినిమాకు రిక్ మేయల్ అనే హాస్యనటుడితో పీవ్స్ సన్నివేశాలు తీశారు, ఆ తర్వాత ఎడిటింగ్‌లో తీసేశారు. గాలిలో తేలుతూ వస్తువులు విసిరే పాత్ర అంటే కనబడిన ప్రతి షాట్‌కూ గ్రాఫిక్స్ బిల్లు పడుతుంది. అయినా అతను వస్తాడనే నా అంచనా, ఎందుకంటే సినిమా చూసిన ప్రేక్షకుడికి "ఇది వేరు" అని ఒక్క క్షణంలో చెప్పగలిగిన పాత్ర మరొకటి లేదు. అది కథా కారణం కాదు, వ్యాపార కారణం. మా పనిలో రెండోదే ఎక్కువసార్లు గెలుస్తుంది. కనబడేది మాత్రం తక్కువగానే ఉంటుంది. ఎక్కువగా గొంతు వినబడుతుంది, పడిపోయిన కుండీలు కనబడతాయి.

హ్యారీ లేని సన్నివేశాల గురించి మీరు చెప్పినది నాలుగు ఊహల్లోనూ అన్నిటికన్నా గట్టిది. దానికి అభిమానులు చెప్పే కారణం పాత్రల లోతు. నేను చెప్పే కారణం కాల్ షీట్. ఇంగ్లండ్‌లో 2014 నాటి నిబంధనల ప్రకారం, తొమ్మిదేళ్లు నిండి బడి వయసులో ఉన్న పిల్లలు రోజులో 5 గంటలకు మించి నటించకూడదు, తొమ్మిదిన్నర గంటలకు మించి షూటింగ్ స్థలంలో ఉండకూడదు. చదువు కూడా వాటి మధ్యలోనే సాగాలి. కథానాయకుడు, ఇద్దరు స్నేహితులు, తరగతి మొత్తం పిల్లలే అయినప్పుడు, మిగిలిన గంటల్లో అంత పెద్ద యూనిట్ ఏం చేస్తుంది? పెద్దల సన్నివేశాలు తీస్తుంది. అవి పుస్తకంలో చాలినన్ని లేకపోతే రచయిత రాసి ఇవ్వాలి. మేము చంటిపిల్లవాడు కథానాయకుడైన సీరియల్ చేసినప్పుడు, అతను నిద్రపోయే వేళల కోసమే అమ్మమ్మకూ పాలవాడికీ మధ్య ఒక తగాదా సృష్టించాము. అది చివరికి ఆ సీరియల్‌లో అందరికీ నచ్చిన భాగమైంది.

ఇది పుస్తకానికి ద్రోహం కాదు. మొదటి పుస్తకం మొదటి అధ్యాయమే వెర్నన్ మామయ్య కళ్లతో మొదలవుతుంది. నాలుగో పుస్తకం ముసలి తోటమాలి ఫ్రాంక్ బ్రైస్‌తో, ఆరోది మగుళ్ల (మంత్రవిద్య లేని మామూలు మనుషుల) ప్రధానమంత్రి గదిలో మొదలవుతాయి. గదులు దాటి వెళ్లే అలవాటు రౌలింగ్‌కే ఉంది. ఇదే బాటలో హిస్ డార్క్ మెటీరియల్స్ సిరీస్ 2019లో ఒక అడుగు ముందుకు వేసింది. రెండో పుస్తకంలో గాని పరిచయం కాని విల్ అనే కుర్రవాడిని మొదటి సీజన్‌లోనే ప్రవేశపెట్టి, కథానాయిక లైరా కథతో సమాంతరంగా నడిపింది. నాకు అది బాగా పనిచేసిందనిపించింది. ఆ లెక్కన మంత్రవిద్యా మంత్రిత్వ శాఖ, డ్రేకో కుటుంబం మాల్ఫోయ్‌ల ఇల్లు, డంబుల్‌డోర్ గది ఈ సిరీస్‌లో ముందుగానే తెరుచుకోవచ్చు.

అయితే ఒక గదిలోకి కెమెరా వెళ్లకూడదు, అది అసలు దోషి అయిన ఉపాధ్యాయుడు క్విరెల్ గది. మొదటి కథ రహస్య కథ. హ్యారీ స్నేప్‌ను అనుమానిస్తాడు, మనమూ అనుమానిస్తాము. క్విరెల్‌ను ఒంటరిగా చూపిస్తే గుట్టు బయటపడుతుంది, లేదా బయటపడకుండా అబద్ధం చూపించవలసి వస్తుంది. చీపుర్ల మీద ఎగురుతూ ఆడే క్విడిచ్ మ్యాచ్ ఘట్టం దీనికి మంచి పరీక్ష. హ్యారీ చీపురు అదుపు తప్పుతుంది, స్నేప్ రెప్ప వేయకుండా ఏదో గొణుగుతున్నాడని హెర్మయొనీ చూస్తుంది, వెనుక వరుసల వెంట పరుగెత్తి అతని అంగీకి నిప్పంటిస్తుంది, చీపురు కుదుటపడుతుంది. ఆ పరుగులో ఆమె క్విరెల్‌ను ముందు వరుసలోకి బోర్లా పడేసి, క్షమించమని అడగడానికైనా ఆగదని పుస్తకంలో ఒకే ఒక వాక్యం ఉంటుంది. అసలు శాపం తెగింది ఆ తోపుతో. చివరి అధ్యాయంలో క్విరెలే చెబుతాడు. కాగితం మీద దీన్ని దాచడం సులువు, పాఠకుడి కన్ను నిప్పు మీద ఉంటుంది. తెర మీద ఆ తోపును ఒక షాట్‌గా తీస్తే దొరికిపోతుంది, తీయకపోతే చివర్లో మోసం చేసినట్టవుతుంది. నేనైతే హెర్మయొనీ భుజం వెనుక కెమెరా పెట్టి, తోసుకుంటూ పోయే నలుగురైదుగురిలో ఒకడిగా అతనిని చూపించి, శబ్దాన్నంతా ఆకాశంలోని హ్యారీ వైపు తిప్పుతాను. ఈ ఘట్టాన్ని వారు ఎలా తీశారో చూస్తే, ఆ రచనా బృందానికి పుస్తకం ఎంత లోతుగా తెలుసో అర్థమవుతుంది.

మూడో ఊహ, అంటే మొదటి ఎపిసోడ్‌లోనే హత్యను చూపించడం, జరగవచ్చు గాని జరగకూడదని కోరుకుంటున్నాను. టీవీలో మొదటి అయిదు నిమిషాల్లో ప్రేక్షకుడిని పట్టుకోవాలన్న ఒత్తిడి ఎంతటిదో నాకు తెలుసు. ఆ బల్ల ముందు కూర్చున్నవాడిని నేను నిందించలేను. కానీ రౌలింగ్ ఆ రాత్రిని చుక్కలు చుక్కలుగా ఇచ్చారు. మొదట పచ్చని వెలుగు. తర్వాత ఒక చల్లని నవ్వు. మూడో పుస్తకంలో సంతోషాన్ని పీల్చేసే డిమెంటర్లు దగ్గరికి వచ్చినప్పుడు తల్లి ఆర్తనాదం. ఏడో పుస్తకంలో, అదీ హంతకుడి జ్ఞాపకంలోంచి, మొత్తం దృశ్యం. పాత సినిమా హాగ్రిడ్ చెప్పే కథ నడుమ ఆ దృశ్యాన్ని చూపించేసి, తర్వాతి చుక్కల్లో చాలా భాగాన్ని ముందే ఖర్చు చేసింది. పదేళ్ల సిరీస్‌కు ఓపిక ఉండాలి.

స్నేప్ సంగతి కాస్త జాగ్రత్తగా మాట్లాడవలసినది. ఎస్సియెడు నల్లజాతి నటుడు. ఐదో పుస్తకంలో చెరువు గట్టున జేమ్స్ బృందం స్నేప్‌ను తలకిందులుగా వేలాడదీసి నవ్వే దృశ్యం, ఈ ఎంపికతో మరో అర్థాన్ని సంతరించుకుంటుందని చాలామంది రాస్తున్నారు. అది నిజమే. ఆ అర్థాన్ని రచయితలు చూడనట్టు నటిస్తే తప్పవుతుంది. ఆ దృశ్యం రాసేటప్పుడు జేమ్స్ చుట్టూ ఎవరు నిలబడ్డారు, ఎవరు నవ్వారు అన్నది కూడా వారు ఆలోచించవలసి ఉంటుంది. అయితే దాని వల్ల పాత్ర కథే మారుతుందన్న వాదన నా దృష్టిలో నిలబడదు. లిల్లీ మీద ప్రేమ, చేసిన పాపం, దాచుకున్న పశ్చాత్తాపం అనే మూడు కాళ్ల మీద ఆ పాత్ర నిలిచి ఉంది. వాటిలో ఏదీ ఒంటి రంగు మీద ఆధారపడదు. నటుడిని దూషించడానికి ఈ చర్చను వాడుకునేవారితో వాదించడం అనవసరం.

ఈ ఎంపికలో ఎవరూ పెద్దగా పట్టించుకోని, నాకు మాత్రం చాలా ముఖ్యమనిపించిన సంగతి వయసు. మొదటి పుస్తకంలో స్నేప్‌కు 31 ఏళ్లు. లిల్లీ, జేమ్స్ చనిపోయేనాటికి 21 ఏళ్లవారు. మొదటి సినిమా విడుదలనాటికి అలన్ రిక్‌మన్‌కు 55 ఏళ్లు; జేమ్స్‌గా కనిపించిన నటుడికీ నలభై దాటాయి. రిక్‌మన్ గొప్ప నటుడు, అందులో వాదన లేదు. కానీ ఆయన స్నేప్ ఒక జీవితకాలం చేదు మింగిన మనిషిలా కనిపించాడు. పుస్తకంలోని స్నేప్ పదేళ్ల కిందటి గాయం ఇంకా మానని యువకుడు. పదకొండేళ్ల పిల్లవాడి ముఖంలో తనను ఏడిపించిన సహపాఠి ముఖం చూసి అదుపు తప్పేవాడు. 1990లో పుట్టిన ఎస్సియెడు ఆ వయసుకు చాలా దగ్గర. మొదటి పాఠంలోనే బెజోర్ (విషానికి విరుగుడుగా పనిచేసే రాయి) అంటే ఏమిటని హ్యారీని నిలదీసే ఘట్టం ఆ వయసులో మరింత క్రూరంగా, మరింత పసితనంగా ఉంటుంది. అన్నట్టు ఆ ప్రశ్న కూడా బరువు మోసేదే. ఆరో పుస్తకంలో విషం తాగిన రాన్ ప్రాణం నిలిపేది ఆ బెజోరే.

చిన్న విషయాలు త్వరగా చెప్పేస్తాను. కథాకాలం 1991లో మొదలవుతుందని పుస్తకాల్లోని ఆధారాలు చెబుతాయి. దాన్ని మార్చినా మార్చకపోయినా హ్యారీ పెద్దమ్మ కొడుకు డడ్లీ బొమ్మలు తప్ప పెద్దగా ఏమీ మారవు. 1994 వేసవిలో డడ్లీ దగ్గర ప్లేస్టేషన్ ఉన్నట్టు రాసిన రచయిత్రికే ఆ లెక్క సరిగా కుదరలేదు, అది జపాన్‌లో అమ్మకానికి వచ్చింది ఆ ఏడాది డిసెంబరులో. పాటిల్ కవలలను సినిమాల్లో ఒకే హౌస్‌లో పెట్టారు. పుస్తకంలో పార్వతి గ్రిఫిండార్, పద్మ రావెన్‌క్లా. మనవాళ్లు ఆ ఇద్దరి కోసం కాస్త ఎక్కువ కళ్లు తెరుచుకొని చూస్తారు కనుక, ఈ తేడాను సరిచేస్తే నాకూ సంతోషమే.

"పుస్తకాలకు కట్టుబడి" అన్న మాటను మరీ అక్షరాలా పట్టుకోవద్దని కూడా చెప్పాలి. మన మాయాబజార్ 1957లో వచ్చింది. శశిరేఖ పెళ్లి వ్యాస భారతంలో లేనే లేదు, పాండవుల కథ అనుకుంటే పాండవులు ఒక్కసారైనా తెర మీదికి రారు. అయినా భారతాన్ని అవమానించారని మన ఇళ్లల్లో ఎవరూ అనలేదు, ఎందుకంటే అందులోని కృష్ణుడు కృష్ణుడిలాగే ఉన్నాడు, శకుని శకునిలాగే ఉన్నాడు.

ఫొటోల గురించి ఒక హెచ్చరిక. మా సీరియల్ నాయిక తెల్లచీరలో మెట్ల మీద కూర్చున్న ఫొటో ఒకటి బయటికి పొక్కి, ఆమె భర్త చనిపోతాడని ఊరంతా నిర్ణయించేసింది. ఆ రోజు ఆమె లైటింగ్ టెస్ట్ కోసం కూర్చుంది; అసలు చీర ఇస్త్రీలో ఉంది. ఫొటో చూపించేది ఒక చోటును, ఒక దుస్తును. కథలో ఆ క్షణం ఎక్కడ వస్తుందో, ఎవరి ఊహగా వస్తుందో, చివరికి ఎడిటింగ్‌లో మిగులుతుందో లేదో అది చెప్పదు. పీవ్స్‌గా నటించిన రిక్ మేయల్ నిజంగానే సెట్‌లో ఉన్నాడు, సినిమాలో లేడు.

సిరీస్ మొదలయ్యాక నేను మొదట వెతికేది ఒక్క మాట కోసం. పుస్తకం మొదటి అధ్యాయంలో పసివాడిని తెచ్చిన హాగ్రిడ్‌ను, ఆ మోటారు సైకిల్ ఎక్కడిదని డంబుల్‌డోర్ అడిగితే, కుర్రవాడు సిరియస్ బ్లాక్ ఇచ్చాడని చెబుతాడు. మూడో పుస్తకం మొత్తం ఆ పేరు మీద నడుస్తుంది. మొదటి సినిమాలో ఆ పేరు వినబడలేదు. ఈసారి హాగ్రిడ్ నోట ఆ పేరు వస్తుందో లేదో మీరూ గమనించండి. వస్తే, మిగతా ఊహల్లో సగం గురించి మీరు ఆందోళన పడనక్కరలేదు.